సాకెట్ మార్చడం ఆఖరి పని: పాత ఇంటి ప్లగ్ పాయింట్లకు ఎర్త్ ఇవ్వడం గురించి

పాత ఇళ్లలో రెండు రంధ్రాల ప్లగ్ పాయింట్లు ఇంకా చాలానే ఉన్నాయి. కానీ నిజంగా భయపడాల్సింది వాటి గురించి కాదు. పైకి చక్కగా కొత్త త్రీపిన్ సాకెట్ బిగించి ఉంటుంది, లోపల విప్పి చూస్తే పెద్ద రంధ్రం వెనక టెర్మినల్‌కు ఏ వైరూ ఉండదు. అలాంటి పాయింటు చాలా ప్రమాదకరం. రెండు రంధ్రాలది చూస్తే ఇక్కడ ఎర్త్ లేదని ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది, కాస్త జాగ్రత్తగా ఉంటారు. మూడు రంధ్రాలది చూసి ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ధైర్యంగా పెట్టేస్తారు. అందుకే సాకెట్ మార్చడం ఈ పనిలో చిట్టచివర రావాలి. చాలామంది దాంతోనే మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు.

ముందుగా ఎర్త్ చేసే పనేమిటో లెక్కతో చూద్దాం, ఎందుకంటే మిగతా నిర్ణయాలన్నీ ఆ లెక్క మీదే ఆధారపడతాయి. ఇస్త్రీ పెట్టెలోనో, గీజర్‌లోనో ఫేజు వైరు ఇన్సులేషన్ అరిగి ఇనుప బాడీకి తగిలిందనుకోండి. ఎర్త్ లేకపోతే ఏమీ జరగదు. ఫ్యూజు పోదు, స్విచ్చు పడదు. బాడీ మాత్రం 230 వోల్టులతో ఎవరో ఒకరు ముట్టుకునేదాకా అలాగే ఉంటుంది. ఎర్త్ వైరు ఉంటే కరెంటు దాని గుండా పారి, ఎంసీబీని (కరెంటు హద్దు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్చును) పడగొట్టాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. సీ రకం 16 యాంపుల ఎంసీబీ తక్షణం పడాలంటే 80 నుంచి 160 యాంపుల దాకా కరెంటు పారాలి. 230 వోల్టుల మీద 160 యాంపులు రావాలంటే మొత్తం దారిలో నిరోధం 1.4 ఓములు మించకూడదు. ఇంటి పక్కన తవ్విన ఎర్త్ పిట్ (రాడ్డో, పైపో పాతిన గుంట) ఒక్కటే 5 ఓములు ఉంటే పారేది 46 యాంపులే. ఆ ఎంసీబీ వేడెక్కి పడటానికి కొన్ని సెకన్ల నుంచి పదుల సెకన్ల దాకా పడుతుంది. అదే పిట్ ఎండిపోయి 20 ఓములకు చేరితే పారేది పదకొండున్నర యాంపులు, ఎంసీబీకి అది మామూలు లోడే. ఎప్పటికీ పడదు. బాడీ మీద కరెంటు అలాగే ఉండిపోతుంది.

కాబట్టి ఎర్త్ పిట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. సరఫరా సంస్థ మీటరు దగ్గర తన ఎర్త్ టెర్మినల్ ఇచ్చినచోట, ఆ దారి లోహంతోనే ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్తుంది కాబట్టి నిరోధం తక్కువగా ఉండి ఎంసీబీ పడుతుంది. మన పిట్ మట్టి గుండానే కరెంటు తిరిగి వెళ్లాల్సిన చోట, కరెంటు కాస్త దారి తప్పినా తెంచేసే ఆర్‌సీసీబీ లేకుండా పని పూర్తి కాదు. మీ ఇంటికి ఈ రెండింటిలో ఏది ఉందో లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో మీటరు దగ్గరే తేల్చుకోండి. సరఫరావాళ్ల టెర్మినల్‌ను వాళ్ల అనుమతి లేకుండా ముట్టుకోకూడదు, అక్కడి సీలు తీయకూడదు.

నా సలహా సూటిగా చెబుతాను: మొదటి రోజు ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎర్త్ వైర్లు లాగడానికి వారాలు పట్టొచ్చు, గోడలు కొట్టాల్సి రావచ్చు, డబ్బు సర్దుకోవాల్సి రావచ్చు. ఈలోగా ప్రాణం కాపాడేది అదొక్కటే. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది నిరంతరం చూస్తుంది. తేడా 30 మిల్లీయాంపులకు చేరితే 0.3 సెకన్ల లోపు, 150 మిల్లీయాంపులైతే 0.04 సెకన్ల లోపు రెండు వైర్లనూ తెంచేస్తుంది. దీనికి ఎర్త్ వైరుతో పనిలేదు. ఎర్త్ లేని పాత వైరింగులోనూ పనిచేస్తుంది.

అయితే దాని హద్దులు తెలుసుకోవాలి. ఎర్త్ లేనిచోట బాడీకి కరెంటు వచ్చినా, ఎవరో ఒకరు ముట్టుకుని వాళ్ల ఒంటి గుండా కరెంటు పారేదాకా ఆర్‌సీసీబీకి విషయం తెలియదు. అంటే షాక్ కొడుతుంది, కొట్టాక తెగుతుంది. ఆ క్షణంలో ఉలిక్కిపడి నిచ్చెన మీంచి పడినా, చేతిలోని వేడి గిన్నె ఒలికినా అది ఆపలేదు. ఎర్త్ ఉంటే ఎవరూ ముట్టుకోకముందే, బాడీకి కరెంటు తగిలిన క్షణంలోనే పడిపోతుంది. ఇక ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికి మీరూ ఒక బల్బులాంటివారే, తేడా కనబడదు కాబట్టి పడదు. ఓవర్‌లోడునూ, షార్టునూ కూడా ఆపదు, ఆ పనికి ఎంసీబీ వేరే ఉండాలి.

కొనేటప్పుడు 30 మిల్లీయాంపులదే అడగండి. 100, 300 మిల్లీయాంపులవి అగ్నిప్రమాదం నుంచి కాపాడటానికి మెయిన్ దగ్గర పెట్టేవి, మనిషిని కాపాడవు. కంప్యూటర్లు, ఇన్వర్టర్ ఏసీలు, వాషింగ్ మెషీన్లు ఉన్న ఇంటికి ‘ఏసీ’ (AC) రకం కాకుండా ‘ఏ’ (A) రకం ఆర్‌సీసీబీ మేలు. ఎలక్ట్రానిక్ సరుకు నుంచి కారే కరెంటు ఒకవైపే కొట్టుకునే తీరులో ఉంటుంది, ఏసీ రకం దాన్ని సరిగా పసిగట్టకపోవచ్చు. ఆర్‌సీసీబీ యాంపుల రేటింగు ముందున్న ఎంసీబీ రేటింగుకు సమానంగానో, ఎక్కువగానో ఉండాలి. ఇల్లంతటికీ ఒక్కటే పెట్టడం కంటే రెండు మూడుగా విడదీయడం మంచిది. ప్రతి పరికరమూ ఏదో కాస్త కరెంటు ఎర్త్‌కు కారుస్తూనే ఉంటుంది. అన్నీ కలిసి 10 మిల్లీయాంపులు దాటితే కారణం లేకుండా పడిపోతున్నట్టు అనిపించడం మొదలవుతుంది. విసుగెత్తి ఎవరో ఒకరు దాన్ని బైపాస్ చేసేస్తారు.

పాత ఇంట్లో ఆర్‌సీసీబీ పెట్టగానే పడిపోవడం మామూలే. వస్తువులో లోపం ఉందని వెనక్కి ఇచ్చేయకండి. చాలాసార్లు తప్పు న్యూట్రల్‌లో ఉంటుంది. పాతకాలంలో వైరు ఆదా చేయడానికి ఒక గది ఫేజుకు పక్క గది న్యూట్రల్ వాడేసేవారు. అలాంటిచోట వెళ్లిన కరెంటు ఈ ఆర్‌సీసీబీ గుండా, వచ్చిన కరెంటు ఇంకో దాని గుండా ప్రయాణిస్తుంది. లైటు వేస్తే చాలు పడిపోతుంది. ఇంటి ఇన్వర్టర్ లైన్ల న్యూట్రల్‌ను మామూలు న్యూట్రల్‌తో కలిపేసినా ఇదే గొడవ. అన్ని ఎంసీబీలూ దించి ఒక్కొక్కటే ఎత్తుతూ, ఏది ఎత్తితే పడుతుందో చూసుకుంటే దారి దొరుకుతుంది. ఒక సర్క్యూట్ ఫేజు, దాని న్యూట్రల్ జంటగా ఒకే ఆర్‌సీసీబీ కింద ఉండాలి. ఈ విడదీత ఓపికతో చేయాల్సిన పని, తొందరపడి ఆర్‌సీసీబీని తీసేయడం పరిష్కారం కాదు.

మీటరు బోర్డు దగ్గర ఉండగానే ఇంకొకటి చూడండి. పాత బోర్డుల్లో పింగాణీ ఫ్యూజులు ఫేజుకొకటి, న్యూట్రల్‌కొకటి ఉండేవి. న్యూట్రల్ ఫ్యూజు పోతే ఇంట్లో ఏదీ పనిచేయదు, కరెంటు పోయిందనుకుంటాం. కానీ ప్రతి పాయింటులోనూ ఫేజు అలాగే ఉంటుంది. టెస్టర్ పెడితే సాకెట్‌లోని రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది, ఏదైనా పరికరం పెట్టి ఉంటే దాని గుండా ఫేజు న్యూట్రల్ వైపుకూ వచ్చేస్తుంది కాబట్టి. ఈ పని చేస్తున్నప్పుడే న్యూట్రల్ ఫ్యూజు తీయించి, ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకేసారి తెంచే మెయిన్ స్విచ్చు పెట్టించండి.

ఇక వైర్ల స్థితి. ఎర్త్ కలపడానికి ముందు ఉన్న వైర్లు ఇంకో పదేళ్లు ఉండగలవా అన్నది తేల్చాలి. మెయిన్ ఆఫ్ చేసి ఒక స్విచ్ బోర్డు విప్పి, వైరును బోర్డు దగ్గర వేలితో కొంచెం వంచి చూడండి. పీవీసీ అయితే మెత్తగా వంగుతుంది. గుడ్డ చుట్టిన రబ్బరు ఇన్సులేషన్ అయితే పెళుసుగా పగిలి, నల్లటి పెచ్చులు రాలి కింద పడతాయి, లోపలి రాగి బయటపడుతుంది. ఒక్కచోట అలా పగిలిందంటే పైపు లోపల మీకు కనబడనిచోటా అదే పరిస్థితి. అలాంటి వైరింగుకు ఎర్త్ ఒక్కటే కలిపి లాభం లేదు, మొత్తం మార్చాల్సిందే. లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం కావచ్చు. అల్యూమినియాన్ని రాగి వైరుతో మెలిపెట్టి టేపు చుడితే కొన్నాళ్లకు జాయింటు వదులై వేడెక్కుతుంది. రెండు లోహాలకూ పనికొస్తుందని రాసి ఉన్న కనెక్టరే వాడాలి.

కంటితో చూసి తేలకపోతే మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే పరికరం) పెట్టించండి. ప్లగ్గులన్నీ పీకేసి, ఎల్ఈడీ బల్బులు, ఫ్యాన్ రెగ్యులేటర్లు విడదీసి, 500 వోల్టుల డీసీ మీద ఫేజు, న్యూట్రల్ కలిపి ఎర్త్‌కు కొలవాలి. 1 మెగోమ్ కంటే తక్కువ వస్తే ఆ సర్క్యూట్ వైరింగు మార్చే జాబితాలో పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న పీవీసీ వైరింగు పదుల, వందల మెగోముల్లో చూపిస్తుంది.

ఎర్త్ పిట్ విషయం ఎక్కువ సాగదీయను. రాగి పూత వేసిన రాడ్డయినా, రెండున్నర మీటర్ల జీఐ పైపయినా, కావాల్సింది తేమ నిలిచే లోతైన మట్టితో గట్టి సంబంధం. ఆర్‌సీసీబీ ఉన్నచోట లెక్క ప్రకారం, బాడీ మీద మించకూడదనుకునే 50 వోల్టులను 0.03 యాంపులతో భాగిస్తే 1,667 ఓములు వస్తుంది, ఎర్త్ నిరోధం అంతవరకూ ఉన్నా అది పడుతుంది. కానీ ఎండాకాలంలో మట్టి ఎండితే నిరోధం పెరుగుతుంది కాబట్టి, కట్టిన రోజున 10 ఓముల లోపు ఉండేలా చూసుకోవడం నా పద్ధతి. ఒక రాడ్డుతో రాకపోతే రెండోది దాని పొడవంత దూరంలోనైనా వేసి కలపాలి. పక్కపక్కనే వేస్తే ఇద్దరూ ఒకే మట్టిని పంచుకుంటారు, నిరోధం సగం కూడా తగ్గదు. కొలత ఎర్త్ టెస్టర్‌తోనే తీయాలి, మామూలు మల్టీమీటర్ ఓముల్లో పెట్టి కొలిస్తే వచ్చే అంకెకు అర్థం లేదు.

పిట్ నుంచి వచ్చిన వైరు డీబీ (ఎంసీబీలుండే పెట్టె) లోని ఎర్త్ బారుకు (ఎర్త్ వైర్లన్నీ కలిసే లోహపు పట్టీకి), అక్కడి నుంచి ప్రతి సర్క్యూట్‌కూ విడి ఎర్త్ వైరు. సైజు ఫేజు వైరుతో సమానం: 1.5 స్క్వేర్ ఎం.ఎం. సర్క్యూట్‌కు 1.5, గీజరుకో ఏసీకో 4 వాడితే ఎర్త్ కూడా 4. పాత పైపులోంచి కాకుండా విడిగా లాగాల్సి వస్తే, కేసింగ్ (గోడ మీద వైర్లను మూసే ప్లాస్టిక్ గొట్టం) లోపలైతే కనీసం 2.5, పైన బయటికి కనబడుతూ వెళ్తే కనీసం 4 ఉండాలి, లేకపోతే దెబ్బ తగిలితే తెగిపోతుంది. రంగు ఆకుపచ్చ, లేదా ఆకుపచ్చ మీద పసుపు చార. ఇక్కడ రంగుల క్రమశిక్షణ మీ చేతిలో ఉంది, పాత వైర్ల రంగులను మాత్రం నమ్మకండి. ఏ రంగు దొరికితే ఆ రంగు వేసిన ఇళ్లు కోకొల్లలు.

పైపులో కొత్త వైరు లాగేటప్పుడు పాత వైర్లలో ఒకదాన్ని కట్టి లాగేద్దామనిపిస్తుంది. మధ్యలో తెగితే రెండూ పోతాయి. ముందు వైరు లాగే స్ప్రింగు పంపి దారి ఉందో లేదో చూడండి. పైపు లోపలి జాగాలో సుమారు 40 శాతం మించి వైర్లు నింపితే వేడి బయటికి పోదు, లాగేటప్పుడు ఇన్సులేషన్ కూడా గీసుకుపోతుంది. అప్పుడు గోడ మీద పీవీసీ కేసింగ్ వేసుకోవడమే మర్యాద. పాత ఇనుప పైపునే ఎర్త్‌గా వాడుకుందామనే ఆలోచనా వస్తుంది. పైపు జాయింట్లు తుప్పుపట్టి ఎక్కడ సంబంధం తెగిందో బయటికి తెలియదు. పైపును ఎర్త్‌కు కలపండి, కానీ దాన్నే నమ్ముకోకుండా లోపల రాగి వైరు లాగండి.

ఒక్కసారిగా ఇల్లంతా చేయలేకపోతే గీజరు, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, నీళ్ల మోటారు, వంటగది పాయింట్లు ముందు. తడి చేతులు, ఇనుప బాడీ రెండూ కలిసే చోట్లు ఇవే. ఆ తర్వాత ఇస్త్రీ, కంప్యూటర్. ఫోన్ ఛార్జర్ లాంటివి, లేబుల్ మీద చతురస్రంలో ఇంకో చిన్న చతురస్రం గుర్తు ఉన్నవి, రెండు పొరల ఇన్సులేషన్‌తో వస్తాయి కాబట్టి వాటికి ఎర్త్ అక్కర్లేదు. కంప్యూటర్ ఇనుప పెట్టెను ముట్టుకుంటే జివ్వుమంటుందని చాలామంది అంటారు. లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్యలో బాడీని వేలాడదీస్తాయి. ఎర్త్ లేకపోతే బాడీ సుమారు 115 వోల్టుల దగ్గర నిలుస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి ఆర్‌సీసీబీ పడదు. ఎర్త్ ఇస్తే ఆ జివ్వు పోతుంది.

ఇప్పుడు సాకెట్. మెయిన్ ఆఫ్ చేసి, ఎవరూ మళ్లీ వేయకుండా తాళమో, రాసిన కాగితమో పెట్టండి. వోల్టులు కొలిచే మల్టీమీటరును ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి, తర్వాత పనిచేయబోయే పాయింటులో, మళ్లీ తెలిసిన చోట పెట్టి చూడండి. మధ్యలో మీటరే పాడై సున్నా చూపిస్తే ఆ మూడో చూపు మిమ్మల్ని కాపాడుతుంది. నియాన్ టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంటు లేదనుకోవడం సరికాదు.

ఎదురుగా నిలబడి చూస్తే పైన పెద్ద రంధ్రం ఎర్త్, కింద కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. సాకెట్ వెనక అక్షరాలూ ఉంటాయి, వాటినే చూసి బిగించండి. ఇన్సులేషన్ 8 నుంచి 10 మి.మీ. మాత్రమే తీసి, పోగులన్నీ కలిపి మెలిపెట్టి, ఒక్క పోగు కూడా బయటికి పోకుండా టెర్మినల్‌లోకి నెట్టాలి. స్క్రూ రాగి మీద కూర్చోవాలి, ఇన్సులేషన్ మీద కాదు. బిగించాక ఒక్కో వైరునూ పట్టి లాగి చూడండి. ఎర్త్ పక్క పాయింటుకూ వెళ్లాల్సి ఉంటే, వచ్చిన వైరు, వెళ్లే వైరు, సాకెట్‌కు వెళ్లే చిన్న ముక్క మూడింటినీ కనెక్టర్‌లో కలపండి. అప్పుడు రేపు ఎవరైనా ఈ సాకెట్ తీసినా అవతలి పాయింట్ల ఎర్త్ తెగదు. ఇనుప బాక్సు ఉంటే దానికీ ఒక ముక్క. ఎర్త్ దారిలో ఎక్కడా స్విచ్చు, ఫ్యూజు ఉండకూడదు. స్విచ్చు ఫేజునే తెంచుతోందా అని కూడా ఇక్కడే సరిచూసుకోండి.

పాత సాకెట్ విప్పినప్పుడు వెనక ఒక చిన్న వైరు ముక్క న్యూట్రల్ టెర్మినల్ నుంచి ఎర్త్ టెర్మినల్‌కు వంకరగా కలిపి కనబడితే, వెంటనే తీసేయండి. ఈ పనిలో ఇంతకంటే ప్రమాదకరమైన అడ్డదారి లేదు. మామూలు రోజుల్లో అంతా బాగానే ఉంటుంది. వెనక ఎక్కడో న్యూట్రల్ జాయింటు వదులైన రోజున, పరికరం లోపలి మోటారు గుండా ఫేజు ఆ న్యూట్రల్‌కు, అక్కడి నుంచి ఆ ముక్క గుండా నేరుగా బాడీకి వచ్చేస్తుంది. పరికరంలో ఏ లోపమూ లేకుండానే బాడీ మీద 230 వోల్టులు ఉంటాయి. ఫేజు, న్యూట్రల్ ఎవరైనా తారుమారు చేస్తే జాయింటు వదులయ్యేదాకా ఆగక్కర్లేదు, వెంటనే వస్తుంది. మూడు లైట్ల ప్లగ్ టెస్టర్ దీన్ని కనిపెట్టలేదు, అంతా సరిగా ఉందనే చూపిస్తుంది. విప్పి చూడటమే దారి.

నీళ్ల పైపుకు కట్టే ఎర్త్ కూడా అలాంటిదే. నాలుగడుగుల తర్వాత ఆ పైపు ప్లాస్టిక్ అయి ఉంటుంది. కరెంటు నేలలోకి పోదు, ఇనుప ముక్క చివరున్న కొళాయిలో నిలుస్తుంది. గ్యాస్ పైపుకైతే ఊహించను కూడా వద్దు. ఒక్క సాకెట్ కోసం కిటికీ కింద విడిగా రాడ్డు దిగ్గొట్టి, ఇంటి ఎర్త్ బారుతో కలపకుండా వదిలేయడమూ తప్పే, రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజీ తేడా వచ్చి ఒక చెయ్యి ఒకదాని మీద, ఇంకో చెయ్యి మరోదాని మీద పడితే షాక్ కొడుతుంది. ప్లగ్గుకున్న పెద్ద పిన్ను కోసేసి రెండు రంధ్రాల్లో దూర్చడం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆ పిన్ను పొడవుగా ఉండేదే ముందు తగలడానికి, చివర విడిపోవడానికి.

ఎర్త్ లాగడం నిజంగా కుదరని గోడలుంటాయి. అక్కడ 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ కింద త్రీపిన్ సాకెట్ పెట్టి, దాని మీద ఎర్త్ లేదని చెరిగిపోని అక్షరాలతో రాయండి. అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 406.4(డి) కూడా ఇలాంటి దారినే, ఇలా రాయాలనే షరతుతో ఒప్పుకుంటుంది. మీ ప్రాంతపు నియమాలు ఏమంటాయో ఎలక్ట్రీషియన్‌ను అడిగి చేయండి. అలాంటి సాకెట్‌లో స్పైక్ గార్డ్ పెట్టి నిశ్చింతగా ఉండకండి, వోల్టేజీ పోటును ఎర్త్‌లోకి మళ్లించే దాని భాగానికి అక్కడ పని ఉండదు.

అన్నీ బిగించాక కొలవండి. ఫేజు, న్యూట్రల్ మధ్య 230 వోల్టులు, ఫేజు, ఎర్త్ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్, ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులు. ఫేజు నుంచి ఎర్త్‌కు 60, 90, 120 లాంటి అంకె కనిపిస్తే ఆ ఎర్త్ వైరు ఎక్కడికీ కలవకుండా గాల్లో వేలాడుతోందని అర్థం. పక్కనున్న ఫేజు వైరు నుంచి ఎక్కే ఉత్తుత్తి వోల్టేజీ అది. వెయ్యి వాట్ల లోడు నడుస్తున్నా న్యూట్రల్, ఎర్త్ మధ్య నిక్కచ్చిగా సున్నా ఉంటే ఎవరో రెండూ దగ్గర్లోనే కలిపారేమోనని అనుమానించండి. వంద వాట్ల బల్బును ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య వెలిగించి చూసే పాత అలవాటు వద్దు. ఎర్త్ 50 ఓములున్నా ఆ బల్బుకు 210 వోల్టులు అంది నిండుగానే వెలుగుతుంది. ఎర్త్ మధ్యలో తెగి ఉంటే ఆ బల్బు గుండా ఇంట్లోని పరికరాల బాడీలన్నిటికీ ఫేజు పాకుతుంది. కరెంటు వెళ్లి తిరిగొచ్చే మొత్తం దారి నిరోధాన్ని కొలిచే లూప్ ఇంపిడెన్స్ టెస్టర్‌తో ప్రతి పాయింటులోనూ కొలిపించి, వచ్చిన అంకెలు డీబీ తలుపు లోపలి వైపు తేదీతో రాయించుకోండి.

ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. లోపలి మెకానిజం పనిచేస్తోందని మాత్రమే ఆ బటన్ చెబుతుంది, ఎర్త్ ఉందని చెప్పదు. ఎర్త్ పిట్‌ను ఏడాదికోసారి, మట్టి బాగా ఎండి ఉన్న నెలలోనే కొలిపించండి. వానలు పడ్డాక కొలిస్తే ప్రతి పిట్టూ బాగానే కనిపిస్తుంది.